అన్యలోకనగరములందు అపరాధశోధనము

అపరాధపరిశోధక కథలు మన పండితులలోఁ బెక్కండ్ర యాదరమునకుఁ బాత్రములు కాలేదు. అవి ప్రొద్దు పుచ్చుటకుఁ దప్ప మఱి దేనికిని గొఱగావనియు, వానియందు విచారింపఁదగిన శాస్త్రార్థ మేమియు లేదనియు వారి తలంపు. అందును భవిష్యత్కాలమున నేదో గ్రహాంతరమున వెలసిన నగరమందు రక్షకభటులు హంతకుని వెదకు కథ లన్నచో నా యనాదరము రెట్టింపగుట సహజము. కాని యీ కథాశాఖ పాదుకొనకముందే దానిపై నొక పూర్వపక్షము పుట్టినది. ఆ పూర్వపక్షమును, దానికిఁ గథకు లిచ్చిన సమాధానములను బరిశీలించినచో నవి యన్నియు ననుమానప్రమాణమును గూర్చిన చర్చలే యని తేలును. ఇది మన నైయాయికులకుఁ బరిచితమైన విషయమే. కావున నీ శాఖాచరిత్రమును సంగ్రహముగా నిచట నిరూపించుచున్నాను.

1937 మొదలు ‘అస్టౌండింగ్’ అను అమెరికాపత్రికకు సంపాదకుఁడై, యా కాలపు విజ్ఞానకల్పనాకథకులకు గురుస్థానము నందిన జాన్ కాంబెల్, విజ్ఞానకల్పనమును అపరాధశోధనమును ఒక్క కథలోఁ బొసఁగవని తలంచెను. ఈ యభిప్రాయమును ఆయనకు శిష్యప్రాయుఁడైన ఐజాక్ అసిమోవ్ 1968లోఁ బ్రకటించిన తన కథాసంపుటపుఁ బీఠికలోఁ దెలిపియున్నాఁడు. శోధనకథలోఁ బరిశోధకునకుఁ దెలిసిన యాధారములు చదువరికిని దెలియవలెను. అట్లు గానిచోఁ గథకుఁడు చదువరిని వంచించినవాఁ డగును. భవిష్యత్కాలపుఁ గథయందో, పరిశోధకుఁడు చిక్కుపడినప్పు డెల్లఁ గథకుఁడు క్రొత్తయంత్రము నొకదానిని గల్పించి వానిని గట్టెక్కింపవచ్చును. తలుపులు మూసిన గదిలోనికి హంతకుఁ డెట్లు వచ్చెనని యడిగినచో, గోడలు దూఱిపోవు యంత్రముతో వచ్చెనని చెప్పవచ్చును. అప్పుడు ప్రశ్నయు ముగియును, కథయు ముగియును.

దీనిని మన పరిభాషలోఁ జెప్పినచో నిట్లగును. కొండమీఁదఁ బొగను జూచి నిప్పు గలదని యనుమించువాఁ డంతకుముందు వంటయింట నా రెంటి సాహచర్యమును జూచియుండవలెను. ఆ వ్యాప్తిజ్ఞానము లేనివానికిఁ బొగ పొగయే కాని హేతువు కాదు. ఎవ్వరును జూడని లోకమునకు వంటయి ల్లెక్కడిది? అచ్చట నిప్పు లేకయే పొగ పుట్టునేమో! కాంబెల్ యాక్షేపమునకు సార మిదియే.

ఈ యాక్షేపము బలవత్తరమే. కాని యీ దోషము అన్యలోకకథలకు మాత్రమే చెందినది కాదని నా పక్షము. రక్షకభటుఁడు తన యూరనే యున్నను, తా నెఱుఁగని జనులయెడఁ దన వంటయింటి వ్యాప్తినే ప్రయోగించి నిరపరాధిని బంధించుట లోకమున నుండనే యున్నది. అన్యలోకనగరపుఁ గథ యా దోషమును స్థూలముగాఁ జేసి చూపుచున్నది. అట్టి కథలలో నుత్తమములైనవాని చరిత్రము, పరిశోధకుఁడు తన వ్యాప్తులను విడిచి పరులవ్యాప్తులను నేర్చుకొనిన చరిత్రమే.

మొదట మన ప్రాచీనులయొద్దనుండి ప్రారంభింతము. ఆర్. శామశాస్త్రిగారు 1909లో ముద్రింపించిన కౌటిల్యుని యర్థశాస్త్రమున నగరరక్షణభారము నాగరకుఁ డను నధికారిపై నుంచఁబడినది. సత్రముల నడపువారు తమయొద్ద దిగిన పాంథులను గూర్చియు, గృహస్థులు తమ యిండ్లకు వచ్చినవారిని బోయినవారిని గూర్చియు నధికారులకుఁ దెలుపవలెనని యందు విధింపఁబడినది. నగరమునకుఁ గ్రొత్తవాఁడు మొదటినుండియు శంకకుఁ బాత్రుఁడే యన్నమాట. కంటకశోధన మను నాలవ యధికరణమున, ఆకస్మికముగాఁ జచ్చినవాని శరీరమునకు నూనె పూసి పరీక్షింపవలెననియు, దేహమందలి చిహ్నములనుబట్టి యుఱి, నీటిమునుఁగు, విషము మొదలగు మరణహేతువుల నేర్పఱుపవలెననియుఁ జెప్పఁబడినది. ఇది శుద్ధమైన లింగపరామర్శము.

అయినను గౌటిల్యుఁ డంతటితోఁ దృప్తిపడలేదు. దొంగ పోయిన త్రోవలో దైవవశమున మఱియొకఁడు కనఁబడవచ్చును. వాని వేషము, ఆయుధము, సొమ్ము దొంగవానిని బోలియుండవచ్చును. అంతమాత్రమున వాఁడు దొంగ కాఁడని హెచ్చరించి, బాధకు వెఱచి దొంగ కాకయే దొంగ నని యొప్పుకొనిన మాండవ్యుని నుదాహరించెను. భారతమున మాండవ్యుఁడు మౌనవ్రతుఁడై యుండఁగా దొంగలు సొమ్ముతో నతని యాశ్రమమున డాఁగుటచేఁ గొఱ్ఱు వేయఁబడినవాఁడు. ఒకచోట మాట, మఱియొకచోట మౌనము దోషమునకు హేతువుగాఁ గొనఁబడినది. రెండును హేత్వాభాసములే.

కాళిదాసుని శాకుంతలమున నాఱవయంకము మొదటి ప్రవేశకము మన వాఙ్మయమున రక్షకభటుల పరిశోధనకు మిక్కిలి ప్రసిద్ధమైన చిత్రము. రాజముద్రిక గల యుంగరము నొక జాలరి యమ్మఁజూపఁగా, నగరరక్షకుఁడైన రాజశ్యాలుఁడును, సూచకుఁడు, జానుకుఁడు నను నిరువురు భటులును వానిని గట్టి కొట్టి తెత్తురు. చేఁపకడుపున దొరకినదని వాఁడు చెప్పును. వాని వృత్తి వినినంతనే హేళన మారంభమగును. భటుల మనస్సున నున్న వ్యాప్తి యేమనఁగా, రత్నాంగుళీయకము హీనవృత్తివాని చేతఁ గనఁబడినచో నది దొంగసొమ్మే. కాని రాజశ్యాలుని తీరు కొంత వేఱు. వానియొంట నీచువాసన యుండుటచే జాలరి యగుట నిశ్చయమనియు, ఉంగరము దొరకిన విధము మాత్రము విమర్శింపఁదగినదనియు నతఁ డనును. హేతువు దేనిని సాధించునో దానికే దానిని పరిమితము చేసి, తక్కినదానిని రాజసన్నిధికిఁ గొనిపోయెను. వానిని జంపుటకై యప్పుడే చేతులు దురదగొన్న భటునికి జాలరి వృత్తాంతము సత్యమని తెలియుటకు రాజాజ్ఞ కావలసివచ్చెను. ఆ భటులును ఆ జాలరియు నొక్క నగరమువారే. అయినను వాఁడు వారికి లోకాంతరవాసితో సమానుఁడై యుండెను.

ఇఁక నాధునికకాలమునకు వత్తము. 1829లో రాబర్టు పీల్ లండనున వేతనములు గల పోలీసుబలమును నెలకొల్పెను. 1842లో నందుఁ బరిశోధకశాఖ యేర్పడెను. ఈ రెంటినడుమ, 1841లో, అమెరికాదేశీయుఁడైన ఎడ్గార్ అలన్ పో పారిసునగరము రంగముగా ‘ది మర్డర్స్ ఇన్ ది రూ మోర్గ్’ అను కథను బ్రకటించెను. ఆధునికమైన పరిశోధనకథకు నిది మూలమని విమర్శకులు సాధారణముగా నంగీకరించినారు. అందు హత్య జరిగిన యింటినుండి యొక కీచుగొంతు వినఁబడినదని సాక్షులందఱు చెప్పుదురు. ఒక ఫ్రెంచివాఁ డది స్పానిషుభాష యనును, స్పెయినువాఁ డింగ్లీషనును, ఇంగ్లీషువాఁడు జర్మనుభాష యనును, ఇటలీవాఁడు రష్యనుభాష యనును. ఆ భాష తనకు వచ్చునని వారిలో నొక్కఁడును జెప్పఁడు. తనకు రాని భాషయే యని ప్రతివాఁడును దలంచెనే కాని, యది భాషయే కాకపోవచ్చునని యెవ్వనికిని దోఁపలేదు. ఆ గొంతు ఒరాంగుటా నను వానరమునది.

శబ్దశాస్త్రము చదివినవారి కీ ఘట్టము విశేషముగా రుచించును. పోలీసువారు ఆ యింటికి ధనమును దెచ్చియిచ్చిన బ్యాంకుగుమాస్తాను బంధించిరి. ధన మెఱిఁగినవాఁడు ధనముకొఱకుఁ జంపునన్నది వారి వ్యాప్తి. హంతకునకు ధనమే యక్కఱలేనప్పుడు, ఆ వ్యాప్తి నిరపరాధిని జెఱలోఁ బెట్టుటకు మాత్రమే యుపకరించెను. ఇట్లు పరిశోధనకథ పుట్టిననాఁడే పరజాతీయుఁ డందుఁ బ్రవేశించెను. శోధకుఁడు మనుష్యవ్యాప్తులను విడిచినప్పుడే తత్త్వము తేలెను.

కాంబెల్ యాక్షేపమునకు వచ్చిన తొలి సమాధానములలో రెండు గణింపఁదగినవి. మొదటిది 1949లో నాతని పత్రికయందే ప్రకటింపఁబడి 1950లో గ్రంథరూపము దాల్చిన హాల్ క్లెమెంటు నవల ‘నీడిల్’. ఇందు రక్షకభటుఁడే గ్రహాంతరవాసి. తనకుఁ బ్రత్యేకశరీరబలము లేక యొకజీవి దేహమందుఁ జేరి బ్రతుకు జాతివాఁడు. తప్పించుకొనిన యపరాధిని వెంటాడుచు భూమిపైఁ బడి, యొక బాలుని శరీరమునఁ బ్రవేశించి, యా బాలునివలన మనుష్యుల తెఱఁగు నేర్చుకొని యపరాధిని వెదకును. ఇతరుల లోకమునకు మనము పోవుటకు మాఱుగా నితరుఁడు మన లోకమునకు వచ్చి మన వంటయింటఁ గూర్చుండి వ్యాప్తిని నేర్చుకొనినట్లయ్యెను.

రెండవది ఆల్ఫ్రెడ్ బెస్టరు రచించిన ‘ది డిమాలిష్డ్ మాన్’. విజ్ఞానకల్పనమున కిచ్చు హ్యూగో బహుమానమును 1953లో మొట్టమొదట నందిన నవల యిది. ఇందలి పోలీసునధికారి పరుల మనస్సులోని తలంపులను జదువఁగలవాఁడు. కాంబెల్ భయపడినది యిట్టి శక్తికే. హంత యెవ్వఁడో యధికారికి వెంటనే తెలిసిపోయినచో నిఁక శోధన మేల? కాని కథకుఁడు శాసనము నొకదాని నడ్డముగా నిలిపెను. మనస్సును జదివి తెలిసికొనినది న్యాయస్థానమునఁ బ్రమాణము కాదు. బాహ్యమైన సాక్ష్యము కావలెను. యోగిప్రత్యక్షము యోగికిఁ బ్రమాణమైనను వాదమున నితరుల నొప్పింపలేదన్న మన వాదమర్యాద యిచట స్వతంత్రముగా మఱియొకదేశమునఁ బుట్టినది.

ఈ శాఖకు లక్షణగ్రంథమువంటిది అసిమోవ్ నవల ‘ది కేవ్స్ ఆఫ్ స్టీల్’, అనఁగా ఉక్కుగుహలు. ఇది ‘గెలాక్సీ’ పత్రికలో 1953 అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు వెలువడి 1954లో గ్రంథమయ్యెను. పత్రికాసంపాదకుఁడైన హొరేసు గోల్డు ప్రోత్సాహ మీ రచనకుఁ గారణము. ఇందు న్యూయార్కు రెండుకోట్లకు మించిన జనులతోఁ గప్పు గల యొక్క మహాగుహగా మాఱియుండును. ఆ జనులు తరతరములుగా నాకాశమును జూడనివారు. బయలున నొంటరిగా నడచుట వారివలనఁ గాదు. నగరము ప్రక్కన, గ్రహాంతరముల కేఁగి స్థిరపడి భిన్నజాతిగా మాఱిన మనుష్యులు వేఱొకపురమున వసింతురు. వారిలో సార్టను అను శాస్త్రజ్ఞుఁడు చంపఁబడును. పోలీసుద్యోగియైన ఇలైజా బేలీకి సహాయుఁడుగా డేనీల్ అను యంత్రపురుషుఁడు నియమింపఁబడును. సార్టను తన రూపముననే నిర్మించిన రోబో టితఁడు. రోబోట్ శబ్దము చెక్ దేశపు రచయిత కారెల్ చాపెక్ 1920లో రచించిన నాటకమునుండి వ్యాపించినది. దానికిఁ బ్రకృతి వెట్టిచాకిరి యను నర్థము గలది. వెట్టివాఁడు తమ జీవనోపాధిని హరించుచున్నాఁడని నగరజనుల ద్వేషము. బేలీయు నా ద్వేషమునకుఁ జిక్కినవాఁడే.

వంటయి ల్లెక్కడిదన్న ప్రశ్నకు అసిమోవ్ సమాధాన మేమి? కథారంభముననే వ్యాప్తులను శాసించి, యటుపై వాని నుల్లంఘింపకుండుట. పాణిని సంజ్ఞాపరిభాషలను ముందుగాఁ జెప్పి, తరువాత విధులకుఁ బ్రవృత్తిని గల్పించిన విధ మిట్టిదే. వృద్ధిశబ్దమునకు లోకమున నే యర్థమున్నను, సంజ్ఞాసూత్రము వినిన విద్యార్థి కది ఆ ఐ ఔ లనే బోధించును. అట్లే యీ కథలో రెండు నియమములు గలవు. నగరవాసి బయలును దాఁటలేఁడు. యంత్రపురుషుఁడు మనుష్యునకు హాని చేయలేఁడు. ఈ రెండవనియమము 1942లోఁ బ్రకటింపఁబడిన యొక కథలో అసిమోవ్ స్పష్టముగా నిరూపించిన మూఁడు శాసనములలో మొదటిది.

హత్య జరిగిన పురమునకు లోపలిత్రోవను బోవువారు పరీక్షింపఁబడుదురు, ఆయుధము దాఁచుట సాధ్యము కాదు. బయలిత్రోవను నగరవాసి పోలేఁడు. ఆ త్రోవను యంత్రపురుషుఁడు పోఁగలఁడు, కాని చంపలేఁడు. మఱి హంత యెవ్వఁడు? బేలీ రెండుమాఱులు తప్పుగా ననుమించును. మొదట డేనీల్ యంత్రమే కాదనియు, చావని సార్టనే మాఱువేషమున నున్నాఁడనియు నారోపించును. డేనీల్ తన దేహమును దెఱచి లోనియంత్రమును జూపఁగాఁ బరాభవము పొందును. పిమ్మట డేనీలే హంత యనును. యంత్రశాస్త్రజ్ఞుఁడు పరీక్షించి మొదటిశాసన మభగ్నముగా నున్నదని తేల్చును. రెండారోపములకును మూలము లింగము కాదు, ద్వేషము. శాకుంతలమందలి భటుల వ్యాప్తియే యిచట యుగసహస్రములు దాఁటి మరల వచ్చినది.

నియమములను యథాతథముగా నంగీకరించినప్పుడే బేలీకి సత్యము దోఁచును. చంపినవాఁ డొకఁడు, ఆయుధమును మోసినవాఁడు వేఱొకఁడు. మనుష్యుఁడు లోపలిత్రోవను నిరాయుధుఁడై పోయెను. యంత్రపురుషుఁ డేమియు నెఱుఁగక బయలిత్రోవను ఆయుధమును గొనిపోయి యందిచ్చెను. బేలీకి మిత్రుఁడును, పైయధికారియు, నీ శోధనమున కతనిని నియోగించినవాఁడును నైన ఎండర్బీయే యా మనుష్యుఁడు. అతఁడు చంపఁదలఁచినది డేనీలును, చంపినది సార్టనును. కన్నద్దములు పగిలిపోవుటచే రూపసామ్యము భ్రాంతిని గలిగించెను. ద్వారముకడఁ జిక్కిన యద్దపుఁదునుకలు దానికి లింగము. ఎండర్బీ చేసినది యంత్రమనుకొని మనుష్యుని జంపుట. బేలీ చేసినది మనుష్యుఁడనుకొని యంత్రము నధిక్షేపించుట. శోధకుని భ్రాంతియు హంతకుని భ్రాంతియు నొక్క చెట్టు కొమ్మలే. కథాంతమున బేలీ డేనీలుతోఁ జేయి కలిపి నడచును. వ్యాప్తిశుద్ధి చిత్తశుద్ధిని వెంటఁ దెచ్చుకొనినది.

ఈ యిరువురినే నాయకులుగాఁ జేసి అసిమోవ్ 1957లోఁ బ్రకటించిన ‘ది నేకెడ్ సన్’ వైయాకరణులకు మఱింత ప్రియమగును. ఇందు బేలీ సొలారియా యను గ్రహమునకుఁ బోవును. అచ్చటి జనులు ఇరువదివేలమంది మాత్రమే. ఒక్కొక్కనికిఁ బదివేల చొప్పున యంత్రపురుషులు గలరు. మనుష్యుఁడు మనుష్యుని ప్రత్యక్షముగాఁ గలిసికొనుట యచ్చట జుగుప్సాకరము; ఛాయాబింబములతోనే సంభాషణము. అట్టిచోట నొకఁడు దగ్గఱనుండి కొట్టి చంపఁబడెను. దగ్గఱకు రాఁదగినది భార్య యొక్కతెయే కావున నామెయే హంత్రియని యచ్చటివారి నిశ్చయము.

బేలీ యిచట మొదటిశాసనమునకుఁ బదకృత్యము చేసెను. తర్కసంగ్రహము చదువు బాలునకు లక్షణమందలి ప్రతిపదమునకును బ్రయోజన మడుగుట మనము నేర్పునట్టిదే. యంత్రపురుషుఁడు మనుష్యునకు హాని చేయఁడను వాక్యమున ‘తెలిసి’ యను విశేషణము లోపించినదని యతఁడు కనుఁగొనెను. ఒక యంత్రము దేనికో తెలియక నీటిలో విషము కలుపును. వేఱొకయంత్రము విషమని తెలియక యా నీటిని యజమానున కందిచ్చును. రెండును శాసనము నుల్లంఘింపలేదు, మనుష్యుఁడు మాత్రము చచ్చును. లక్షణమునఁ బద మొక్కటి తగ్గినందున నతివ్యాప్తి గలిగి, లోకమంతయు యంత్రములను నిర్దోషము లని విశ్వసించియుండెను. ఆ విశ్వాసముననే యంత్రశాస్త్రజ్ఞుఁడైన లీబిగ్ తన కుతంత్రమును దాఁచెను. హత్యాస్థలమున నాయుధము కనఁబడకుండుటకుఁ గారణమును అట్టిదే. యంత్రపురుషుని యూడఁదీయఁదగిన చేయియే యాయుధము. అది మరల దేహమున నతుకుకొనఁగా నెవ్వరును గుర్తింపలేదు. కడపట లీబిగ్ తన్నుఁ బట్టుకొనుటకు మనుష్యుఁ డొకఁడు సమీపించుచున్నాఁడన్న భయముతో విషము మ్రింగి చచ్చును. వచ్చినవాఁడు డేనీల్. యంత్రముల నిర్మించుటలో నారితేఱినవాఁడే యంత్రమును మనుష్యుఁడనుకొని భయమునఁ బ్రాణము విడిచెను.

ఇట్లు గ్రంథములలో స్థిరపడిన యీ కథ తరువాత దృశ్యరూపమును దాల్చెను. 1988లో వెలువడిన ‘ఏలియన్ నేషన్’ అను చలనచిత్రమున గ్రహాంతరశరణార్థులు లాస్ ఏంజిలీసునగరమున వచ్చి నిలువఁగా, వారిలోని యొక యధికారియు మనుష్యుఁడైన వేఱొక యధికారియుఁ గలిసి హత్యను శోధింతురు. బ్రిటిషు నిర్మాత జెర్రీ ఆండర్సన్ 1994-95 సంవత్సరములలో ‘స్పేస్ ప్రీసింక్ట్’ అను టెలివిజను కథావళిని ఇరువదినాలుగు భాగములుగాఁ బ్రదర్శించెను. ఆల్టర్ అను గ్రహమున డెమిటర్ అను నగరము, కాలము 2040. క్రియానులు, టార్నులు నను రెండుజాతులవా రచ్చటఁ గలరు. న్యూయార్కునఁ బోలీసుద్యోగియై యుండిన బ్రోగన్ కుటుంబసమేతముగా నచ్చటికి వచ్చి పోడ్లీ యను క్రియానుజాతీయుఁడైన పైయధికారిక్రింద నుద్యోగము చేయును. ఇందు శోధనముకంటెఁ బోరాటములు, వాహనధావనములు హెచ్చనుట నిజము. కాని యొక విశేష మిందు గమనింపవలెను. ఆ నగరమునఁ బరదేశి మనుష్యుఁడే. అర్థశాస్త్రనాగరకుఁడు పేరు వ్రాసికొనవలసిన పాంథుఁ డిచట రక్షకభటుఁ డయ్యెను. తన జాతివాఁడు కాని పైయధికారి మాటను విని, తన జాతివాఁడు కాని సాక్షి మాటను నమ్మి పనిచేయుట యతని నిత్యకృత్య మయ్యెను.

కాంబెల్ పూర్వపక్షమునకు సిద్ధాంత మిపుడు స్పష్టము. అన్యలోకనగరమున ననుమానము సాధ్యమే. కాని వ్యాప్తిని ముందుగాఁ జదువరికిఁ జెప్పుట కథకుని ధర్మము. దానిని తన పూర్వవాసనలతోఁ గలుషితము చేయక నేర్చుకొనుట శోధకుని ధర్మము. మొదటిధర్మము తప్పినచోఁ గథ చెడును. రెండవధర్మము తప్పినచో నొక మాండవ్యుఁడు కొఱ్ఱున వ్రేలును. మొదటిది సాహిత్యమునకు సంబంధించిన హాని యగుటచే మనము చర్చించి విడువవచ్చును. రెండవది నేఁడును ప్రతినగరమున, వేషము వేఱైనవానికి, వృత్తి తక్కువ యనఁబడినవానికి, మాట యర్థముకానివానికిఁ గలుగుచున్న హాని.

విద్యార్థులకు హేత్వాభాసప్రకరణము బోధించునప్పుడు నిత్యము కొండ, పొగ, నిప్పు నుదాహరించుటతో మనము తృప్తిపడుచున్నాము. ఆ యుదాహరణములలోఁ దప్పుగా ననుమించినచో నెవ్వరికిని గష్టము లేదు. చేతులు కట్టఁబడిన జాలరిని, చెఱలోఁ బడిన బ్యాంకుగుమాస్తాను, దోష మెఱుఁగని యంత్రపురుషుని నుదాహరించి బోధించినచో, వ్యాప్తి తప్పిన తర్కము పరీక్షలో మార్కులను మాత్రమే కాక యొకని ప్రాణమును దీయఁగలదని బాలురకుఁ దెలియును. ఇన్నాళ్లు మన మనాదరించిన కథలు తర్కమున కీపాటి సేవ చేయఁగలిగినప్పుడు వానిని బాఠశాల గుమ్మముకడ నాపవలసిన పని లేదు.